బొగ్గు పలకలతో నీటిలోని లవణమును తొలగించు విధానము

గ్రామములో నీటి విషయమున రెండు విధములైన చిక్కులు కలవు. మొదటిది నీరు లేకపోవుట. ఇది ఎల్లరకు కనబడును. కుళాయి యొద్ద బిందెలు వరుస కట్టును, గ్రామసభలో కేకలు పుట్టును. రెండవది నీరుండియు త్రాగుటకు తగనిదగుట. ఇది కంటికి కనబడదు. అద్దమువలె తేటగా నున్న బోరు నీటిలో సైతము కరిగిన లవణములుండవచ్చును. వానిని వడగట్టుటకు గుడ్డయు చాలదు, ఇసుకయు చాలదు. నీటిని కాచినచో కొంత నీరు ఆవిరియై పోవునే గాని లవణము పాత్రలోనే నిలిచి, మునుపటికంటె చిక్కనగును.

ఇట్టి లవణములను తొలగించుటకు నేడు మన పల్లెలలో ఎక్కువగా వాడుకలో నున్నది ఆర్.ఓ. యంత్రము. అదిగాక వేరొక మార్గమును కలదు. బొగ్గుతో చేసిన పలకలకు స్వల్పమైన విద్యుత్తు నిచ్చి, వాని నడుమనుండి నీటిని పారించినచో, లవణము పలకలకు అంటుకొనును. నీరు తేలికపడి వెలుపలికి వచ్చును. దీనిని కెపాసిటివ్ డీఅయానైజేషన్ అని, పొడి అక్షరములలో సి.డి.ఐ. అని వ్యవహరింతురు. ఈ పద్ధతి ఎట్లు పనిచేయును, ఎచ్చట అక్కరకు వచ్చును, ఎచ్చట రాదు, అట్టి యంత్రమును కొనుమని పంచాయతీ యెదుటికి ప్రతిపాదన వచ్చినపుడు సభ్యులు ఏమేమి విచారింపవలెను అను సంగతులను ఈ వ్యాసమున తెలుపదలచితిమి. రాజ్యాంగము పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో త్రాగునీరు పదకొండవ అంశముగా చేరియున్నది గనుక, ఇది ఇంజనీర్లకు మాత్రమే వదలివేయదగిన సంగతి కాదు.

నీటిలో కరిగినది ఏమి?

చిటికెడు వంట ఉప్పును చెంబెడు నీటిలో వేసి కలిపినచో ఉప్పు మాయమగును. నిజమునకు అది ఎచ్చటికిని పోలేదు. ఉప్పు సోడియము, క్లోరిను అను రెండు మూలద్రవ్యముల కూడిక. నీటిలో కరిగినపుడు ఆ రెండును విడిపోవును. విడిపోవునపుడు సోడియము ధన విద్యుదావేశమును, క్లోరిను ఋణ విద్యుదావేశమును పొందియుండును. ఇట్లు విద్యుదావేశము కలిగి నీటిలో తిరుగాడు కణములనే అయానులందురు. భూగర్భజలములో సోడియము, క్లోరైడు మాత్రమే గాక కాల్షియము, మెగ్నీషియము, సల్ఫేటు, బైకార్బొనేటు, నైట్రేటు, ఫ్లోరైడు మొదలగు అయానులు ఆయా నేలలను బట్టి ఎక్కువ తక్కువలుగా నుండును. రాతిలోనుండి కొన్ని, పెంటకుప్పలనుండియు మరుగుదొడ్ల గుంటలనుండియు ఎరువులనుండియు కొన్ని, సముద్రతీరమున ఉప్పునీరు లోనికి చొచ్చుకొని వచ్చుటచే కొన్ని చేరును.

ఎంతవరకు ఉండవచ్చును? భారత ప్రమాణముల సంస్థ 2012లో సవరించి ప్రకటించిన ఐ.ఎస్. 10500 అను ప్రమాణము ననుసరించి, లీటరు త్రాగునీటిలో కరిగిన మొత్తము లవణములు 500 మిల్లీగ్రాములకు మించకుండుట మేలు. వేరు ఆధారము లేనిచో 2000 వరకు ఒప్పుకొనవచ్చును. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపల నుండుట మేలు. గత్యంతరము లేనిచో 1.5 హద్దు. నైట్రేటు 45 మిల్లీగ్రాములు. దీనికి మాత్రము సడలింపు లేదు. సభ్యులు ఈ మూడు నాలుగు అంకెలను జ్ఞాపకముంచుకొనినచో, నీటి పరీక్షా పత్రము చేతికి వచ్చినపుడు దానిని ఇతరులు చదివి చెప్పుదాక వేచియుండ నక్కరలేదు.

పలకలు చేయు పని

సాయంకాలము మంద ఊరు చేరినపుడు ఏ యింటి పశువు ఆ యింటి కొట్టమునకు తనంతట తానే పోవుట మనమెరిగినదే. బొగ్గు పలకల యంత్రములో జరుగునది ఇంచుమించు అట్టిదే. రెండు బొగ్గు పలకలను దగ్గర దగ్గరగా, ఒకదానికొకటి తగులకుండ నిలిపి, నడుమ పలుచని జల్లి వంటి గుడ్డ నుంచుదురు. ఒక పలకను విద్యుత్తు ధన ధ్రువమునకు, రెండవదానిని ఋణ ధ్రువమునకు కలుపుదురు. నడుమనుండి నీరు పారునపుడు సోడియము, కాల్షియము మొదలైన ధన అయానులు ఋణ పలకవైపునకు, క్లోరైడు, నైట్రేటు మొదలైన ఋణ అయానులు ధన పలకవైపునకు లాగబడును. అవి బొగ్గులోని సూక్ష్మరంధ్రములలో చేరి, గోడలకు ఆనుకొని నిలిచిపోవును. ఆవలి అంచున వెడలు నీటిలో లవణము తగ్గియుండును.

కొంతసేపటికి కొట్టము నిండును. ఇక పట్టుటకు చోటుండదు. అప్పుడు విద్యుత్తును ఆపి రెండు పలకలను తీగతో కలిపినను, లేక ధ్రువములను తారుమారు చేసినను, పట్టుకొనిన అయానులన్నియు విడిపోయి నీటిలోనికి వచ్చును. ఆ నీరు చిక్కని ఉప్పునీరు. దానిని వేరు గొట్టము ద్వారా వెలుపలికి పంపుదురు. పలకలు మరల ఖాళీయగును. పట్టుట కొన్ని నిమిషములు, విడుచుట కొన్ని నిమిషములు. ఇట్లు దినమంతయు యంత్రము ఒకదాని వెంట నొకటిగా ఈ రెండు పనులను చేయుచుండును. మందులు కలుపుట లేదు. జల్లెడవలె వడగట్టుటయు లేదు.

ఇందుకు కావలసిన విద్యుత్తు బలము మిక్కిలి స్వల్పము. ఒక జత పలకలకు సుమారు 1.2 వోల్టులు చాలును. టార్చిలైటులో వేయు బ్యాటరీ బలము 1.5 వోల్టులు. ఎక్కువ బలమిచ్చినచో పని త్వరగా జరుగును గదా అని అడుగవచ్చును. 1.23 వోల్టులు దాటిన పిదప విద్యుత్తు నీటినే హైడ్రొజను, ఆక్సిజనులుగా విడగొట్టుటకు పూనుకొనును. అప్పుడు కరెంటు వృథా యగుటయే గాక ధన పలకలోని బొగ్గు క్రమముగా తినివేయబడును. అందుచే పలకలను అనేక జతలుగా పేర్చి, ఒక్కొక్క జతకు ఈ హద్దునకు అటునిటుగానే విద్యుత్తు అందునట్లు అమర్చుదురు. సూర్యరశ్మి పలకలనుండి వచ్చు కరెంటు ఈ యంత్రమునకు కావలసిన డి.సి. జాతిదే కావున, కరెంటు కోత గల ఊళ్ళలో ఆ రెంటికి పొత్తు చక్కగా కుదురును.

ఒక గ్రాములో పాతిక సెంట్లు

ఇనుప పలకయో రాగి పలకయో పెట్టక బొగ్గునే ఎందులకు వాడవలెను? లవణమును పట్టునది పలక యొక్క ఉపరితలము. చదునైన లోహపు పలకకు ఉపరితలము కొద్దిగానే యుండును. ప్రత్యేకముగా తయారుచేసిన బొగ్గు అట్లు కాదు. కొబ్బరి చిప్పలను బొగ్గుగా కాల్చి, ఆ బొగ్గును 800, 900 డిగ్రీల వేడిలో నీటి ఆవిరికి గురిచేసినచో అది లోలోపల పుట్టతేనె పట్టువలె రంధ్రమయమగును. దీనిని ఉత్తేజిత కర్బనమందురు. దాని ఒక్క గ్రాములోని రంధ్రముల గోడలన్నింటిని విప్పి నేలపై పరచగలిగినచో 1000 చదరపు మీటర్లకు పైగా, అనగా పాతిక సెంట్ల నేలను కప్పును. చిటికెడు పొడిలో పాతిక సెంట్ల నేల ఇమిడియున్నదన్నమాట. పైగా బొగ్గు విద్యుత్తును పారనిచ్చును, నీటిలో తుప్పు పట్టదు.

ఇచ్చట ఒక్క మాట. వంటయింటి బొగ్గును కుండలో పోసి నీరు వడగట్టుకొనుట మన పెద్దల నాటి అలవాటు. అది వాసనను, రంగును కొంత తగ్గించును. విద్యుత్తు లేని బొగ్గు వంట ఉప్పును గాని ఫ్లోరైడును గాని చెప్పుకొనదగినంతగా పట్టజాలదు. ఈ వ్యాసమును చదివి బొగ్గు కుండ చాలునని ఎవరును తలపకుందురు గాక.

ఈ ఊహ క్రొత్తది కాదు. 1960లో అమెరికాలోని ఓక్లహామా విశ్వవిద్యాలయమునకు చెందిన బ్లెయిర్, మర్ఫీ అను ఇరువురు శాస్త్రజ్ఞులు రంధ్రమయములైన కర్బన ఎలక్ట్రోడులతో నీటి లవణమును తగ్గించు ప్రయోగములను ప్రకటించిరి. బొగ్గు గోడలపైనున్న కొన్ని రసాయన పదార్థములు అయానులను పట్టుచున్నవని నాటి తలపు. 1971లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున జాన్సన్, న్యూమన్ అనువారు, ఇందు ముఖ్యమైనది రసాయన చర్య కాదనియు, విద్యుదావేశము గల గోడ ప్రక్కన అయానులు పొరగా కూడుటయే యనియు లెక్కలతో నిరూపించిరి. ఐనను చాలకాలము చెడకుండు పలకలు నాడు దొరకలేదు. 1990 తరువాతి దశాబ్దమున, అణ్వస్త్ర పరిశోధనకు పేరుపడిన లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాలలో జోసెఫ్ ఫార్మర్ బృందము కార్బన్ ఏరోజెల్ అను తేలికయైన కర్బనముతో పలకలు చేయుటచే ఈ విద్య మరల తలయెత్తినది. మద్రాసు ఐ.ఐ.టి.లో కూడ దీనిపై పరిశోధన జరిగినది. తరువాత వచ్చిన పెద్ద మార్పు, పలకల ముందు అయానులను ఏరి పంపు పలుచని పొరల నమర్చుట. పొర లేనిచో పలకలోనికి కావలసిన అయాను వచ్చునపుడే, అంతకుముందే రంధ్రములలోనున్న పరాయి అయాను వెలుపలికి త్రోయబడును; ఈ త్రోపుడులో కొంత విద్యుత్తు వృథాపోవును. పొర ఆ పరాయి పశువును బయటికి పోనీయక అడ్డుకొనును. అందుచే అదే కరెంటుకు ఎక్కువ లవణము పట్టుబడును. కాని యంత్రము వెల హెచ్చును.

ఊరి లెక్క

రెండువేల జనాభా గల గ్రామమును తీసికొందము. త్రాగుటకు, వంటకు మనిషికి దినమునకు 5 లీటర్ల చొప్పున 10,000 లీటర్ల మంచినీరు కావలెను. బోరు నీటిలో లీటరునకు 1200 మిల్లీగ్రాముల లవణమున్నది; దానిని 400కు దింపవలెను. అనగా లీటరునకు 800 మిల్లీగ్రాములు తీయవలెను. పదివేల లీటర్లకు అది 8 కిలోలు.

లవణమంతయు వంట ఉప్పే యనుకొని లెక్క వేసినచో, ఒక గ్రాము ఉప్పును పట్టుటకు సుమారు 1650 కూలూంబుల విద్యుదావేశము కావలెను. దానిని 1.2 వోల్టులతో గుణించినచో, వెయ్యి లీటర్లనుండి లీటరునకు ఒక్క గ్రాము తీయుటకు సుమారు 0.55 యూనిట్టు కరెంటు పట్టును. మన గ్రామమునకు దినమునకు 4.4 యూనిట్లు. ఆవేశములో ఐదవవంతు వృథాయగునని పట్టినచో 5.5 యూనిట్లు. నీటిని నడిపించు పంపు ఖర్చు దీనికి వేరు. పలకల మాటకు వచ్చినచో, మంచి బొగ్గు గ్రాము ఒకసారికి ఇంచుమించు 10 మిల్లీగ్రాముల ఉప్పును పట్టును. పట్టి విడుచుటకు పది నిమిషములు పట్టుననుకొనినచో గంటకు ఆరు మారులు. గంటకు వెయ్యి లీటర్లు కావలెనన్న 800 గ్రాముల ఉప్పును ఆరుచేత భాగింపగా మారునకు 133 గ్రాములు. దీనికి 13 కిలోల పైచిలుకు బొగ్గు కావలెను. యంత్రము అమ్మవచ్చినవారు ఈ లెక్కకు మిక్కిలి దూరమైన అంకెలు చెప్పినచో కారణమడుగుట మంచిది.

ఈ లెక్కనుండియే ఈ పద్ధతి యొక్క గుణమును దోషమును తేటపడును. ఆర్.ఓ. యంత్రము నీటిని ఒత్తిడితో పొరగుండ పిండి లవణమునుండి వేరుచేయును. కదలవలసినది నీరు. బొగ్గు పలకల యంత్రములో కదలవలసినది లవణము. లవణము కొద్దిగా నున్నచోట కొద్దిపాటి శ్రమతో పని తీరును. లవణము పెరిగినకొలది ఖర్చు అదే పాళమున పెరుగును. సముద్రపు నీటిలో లీటరునకు 35 గ్రాముల లవణముండును. పై లెక్క ప్రకారము వెయ్యి లీటర్లకు 19 యూనిట్లు దాటును, ఆర్.ఓ. విధానమున పెద్ద కర్మాగారములు ఆ పనినే 3, 4 యూనిట్లతో చేయుచున్నవి. కావున లీటరునకు రెండు మూడు గ్రాములు దాటిన ఉప్పునీటికి బొగ్గు పలకలను తలపెట్టుట ధనవ్యయమే. తీరగ్రామముల సభ్యులు దీనిని గమనింపవలెను.

అంతకు లోపలనున్న నీటికి మాత్రము ఈ పద్ధతిలో రెండు మేళ్ళు కలవు. ఒకటి, పారబోయు నీరు తక్కువ. పల్లెలలోని చిన్న ఆర్.ఓ. కేంద్రములలో తోడిన నీటిలో సగము, ఒక్కొక్కచోట అంతకు మించియు, వ్యర్థమై పోవుట సాధారణము. బొగ్గు పలకలతో నూటికి 75 నుండి 90 వంతుల వరకు మంచినీరుగా పొందవచ్చును. రెండవది, లవణమును ఎంతవరకు దింపవలెనో అంతవరకే దింపి ఆపవచ్చును. ఆర్.ఓ. నీటిలో లవణములు దాదాపు పూర్తిగా పోయి, నీరు చప్పనగుటయు, మరల కొంత ముడినీటిని కలుపవలసివచ్చుటయు మనమెరిగినవే.

ఫ్లోరైడు సంగతి

తెలుగునాట ఈ ప్రశ్న ముందు రాక తప్పదు. మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధి 1937లోనే నాటి మద్రాసు రాజధానిలో, నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతమున వైద్యులచే గుర్తింపబడినది. పిమ్మట నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధితో ముడిపడిపోయినది. నల్లరాతి నేలలో ఫ్లోరిను గల ఖనిజములు కలవు. కాల్షియము సమృద్ధిగా నున్న నీటిలో ఫ్లోరైడు దానితో కలిసి గట్టిపడును గనుక ఎక్కువ కరగదు. కాల్షియము తక్కువై సోడియము, బైకార్బొనేటు ఎక్కువగా నున్న నీటిలో అది కరిగియుండిపోవును. ఇట్టి నీరు నాలుకకు ఉప్పగా నుండదు, పప్పు చక్కగా ఉడుకును, సబ్బు నురుగు వచ్చును. మంచినీరని ఊరంతయు మెచ్చుకొనుచునే త్రాగుదురు. పిల్లల పండ్లమీద గోధుమరంగు చారలు, పెద్దలకు వంగని నడుములు, బిగిసిన కీళ్ళు కాలక్రమమున కనబడును. వంగిన ఎముకను చక్కజేయు మందు లేదు. త్రాగు నీటిని మార్చుటయే మార్గము.

బొగ్గు పలకలు ఫ్లోరైడును పట్టునా? పట్టును, కాని అన్నింటికన్న ముందుగా పట్టవు. ఫ్లోరైడు అయాను తన చుట్టును నీటి అణువులను గట్టిగా కూడదీసికొని తిరుగును. బొగ్గులోని సన్నని రంధ్రములలో దూరుట దానికి కష్టము. క్లోరైడు, నైట్రేటు ఆ బరువును సులభముగా విడిచి లోనికి పోవును. ఇంతేగాక సంఖ్యలోనే ఫ్లోరైడు అల్పము. లీటరునకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు, 200 మిల్లీగ్రాముల క్లోరైడు గల నీటిలో ఒక్క ఫ్లోరైడు అయానునకు ముప్పదియైదుకు పైగా క్లోరైడు అయానులుండును. కొట్టము వారితోనే నిండిపోవచ్చును. మొత్తము లవణము సగము తగ్గినంత మాత్రాన ఫ్లోరైడును సగము తగ్గినదని నమ్మరాదు. నీరు నిదానముగా పారునట్లు చేసియు, మొత్తము లవణమును మరింత దించియు ఫ్లోరైడును హద్దు లోపలికి తేవచ్చును. అది ఆ ఊరి నీటితోనే పరీక్షించి తేల్చవలసినదిగాని, మరియొక ఊరి పత్రమును చూచి నిర్ణయింపదగినది కాదు. నైట్రేటు విషయమున ఇందుకు భిన్నము. బొగ్గు దానిని ఇష్టముగా పట్టును. పసిబిడ్డల నెత్తురునకు ఆక్సిజను మోయు శక్తిని తగ్గించు ఈ నైట్రేటు కాచినను పోదు, ఇసుకలో వడగట్టినను పోదు. కావున నైట్రేటు బాధ గల గ్రామములకు ఈ పద్ధతి ఎక్కువ తగినదని మా అభిప్రాయము.

ఫ్లోరైడును తీయుటకు పటికయు సున్నమును కలిపి తేర్చు నల్లగొండ విధానము కలదు. దానిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ 1970 తరువాతి దశాబ్దమున రూపొందించినది. చవకయైనదే, కాని అనుదినము పాళము తప్పక కలుపు మనిషి కావలెను, అడుగున చేరు బురదను తీయవలెను. అన్నింటికంటె మేలైనది నదీజలము. తెలంగాణమున 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము కృష్ణా గోదావరి జలములను గ్రామములకు చేర్చుటకే ఏర్పడినది. ఫ్లోరైడు లేని నదీజలము కుళాయికి సక్రమముగా వచ్చు ఊరిలో రుచి నెపమున బోరు నీటికి యంత్రము పెట్టుట ఎంతమాత్రము తగదు.

మీటరు చెప్పునది, చెప్పనిది

యంత్రములు అమ్మువారు చేతిలో చిన్న టి.డి.ఎస్. మీటరును పట్టుకొని వత్తురు. అది నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుచున్నదో కొలిచి, మొత్తము లవణమును అంచనాగా చూపును. ఆ లవణమేదో అది చెప్పజాలదు. 600 అంకె చూపు నీటిలో ఫ్లోరైడు అర మిల్లీగ్రాముండవచ్చును, 4 మిల్లీగ్రాములుండవచ్చును. మీటరునకు రెండును ఒక్కటే.

మరియొక గారడి కలదు. రెండు గ్లాసులలో ఊరి నీటిని, యంత్రపు నీటిని పోసి, కరెంటు తగిలించిన కడ్డీలను ముంచుదురు. ఊరి నీరు నిమిషములో తుప్పు రంగుకు తిరిగి బురదయగును. యంత్రపు నీరు తేటగా నిలుచును. చూచినవారు బెదరిపోవుదురు. ఆ తుప్పు నీటిలోనిది కాదు. లవణము గల నీటిలో కరెంటు పారుటచే ఇనుప కడ్డీయే కరిగి ఆ రంగు నిచ్చుచున్నది. లవణము లేని నీటిలో కరెంటు పారదు గనుక కడ్డీ కరగదు. యంత్రపు నీటిలో చిటికెడు ఉప్పు వేసి మరల ముంచుమని సభ్యులలో నొకరు కోరినచో గారడి అంతటితో ముగియును. బొగ్గు పలకలను కొనుమని వచ్చువారు కూడ ఈ ప్రదర్శనమును చేయవచ్చును గనుక ఇంత వివరముగా వ్రాసితిమి.

కావున మొదట జరుగవలసినది పరీక్ష. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షా కిట్టుతో పరీక్షించు శిక్షణ నియ్యవలెనని నిర్దేశింపబడినది. వారిచే ఫ్లోరైడు, నైట్రేటు పరీక్షింపజేసి, హద్దు మీరినట్లు తోచినచో ప్రభుత్వ నీటి ప్రయోగశాలలో నిర్ధారణ చేయించుకొనవలెను. వానకాలమునకు ముందొకసారి, పిదప నొకసారి పరీక్షించుట మంచిది. బోరు అడుగంటినపుడు నీటి గుణము మారుట కలదు. యంత్రము పెట్టిన పిదపను, లోనికి పోవు నీటిని, వెలుపలికి వచ్చు నీటిని వేర్వేరుగా పరీక్షింపవలెను.

ఈ యంత్రము చేయలేని పనులు కొన్ని కలవు. విద్యుదావేశము లేని పదార్థములను, ముఖ్యముగా పురుగుమందులలో పెక్కింటిని, పలకలు లాగవు. రోగక్రిములనుండి రక్షణ యిచ్చునని నమ్మరాదు; క్లోరిను వేయక తప్పదు, లీటరునకు 0.2 మిల్లీగ్రామైనను కుళాయి కొసను మిగిలియుండవలెను. బొగ్గు క్లోరినును హరించును గనుక యంత్రము దాటిన తరువాతనే దానిని కలుపవలెను. నీటిలో ఇనుము, బురద, నాచు ఉన్నచో రంధ్రములు పూడిపోవును. ముందు ఇసుక వడపోత కావలెను. కాఠిన్యము మిక్కిలి యున్నచో పలకలపై సున్నపు పెచ్చు కట్టవచ్చును. ధన పలకలోని బొగ్గు నీటిలోని ఆక్సిజనుచే నెమ్మదిగా క్షీణించును, కొన్నేండ్లకు మార్చవలసినదే. ఆ పలకల వెల ఎంత, ఎన్నాళ్ళకు మార్చవలెను, మార్చువారు ఏ ఊరిలో నున్నారు, ఆ ఖర్చు బిందెకు వసూలు చేయు రుసుములో ఇమిడియున్నదా అని ఒడంబడికకు ముందే వ్రాతమూలకముగా తీసికొనవలెను. యంత్రమును దానముగా ఇచ్చువారు దొరకుదురు; దాని మరమ్మతును దానముగా చేయువారు అరుదు. మూలబడిన ఆర్.ఓ. గదులు మన ఊళ్ళలో ఇందుకు తార్కాణము.

పారబోయు నీరు

కడపట, ప్రతిపాదనలలో తరచు ఒక్క వాక్యముతో దాటవేయబడు సంగతి. తీసిన లవణము నశింపదు. మన రెండువేల జనాభా గ్రామమున దినమునకు 10,000 లీటర్ల మంచినీటికై 12,500 లీటర్లు తోడి, 2,500 లీటర్లు వెలుపలికి పంపుదుమనుకొందము. తీసిన 8 కిలోల లవణమునకు ఆ నీటిలో సహజముగానున్న 3 కిలోలు కలిసి 11 కిలోలు. అనగా లీటరునకు 4.4 గ్రాములు. ఫ్లోరైడునకును ఇదే న్యాయము. ముడినీటిలో 3 మిల్లీగ్రాములుండి మంచినీటిలో 1కి దిగినచో, వ్యర్థజలములో లీటరునకు 11 మిల్లీగ్రాములగును. వ్యర్థజలము కొలత తగ్గుటచే విషము చిక్కబడినది.

దానిని పాత బావిలో గాని ఇంకుడు గుంతలో గాని విడిచినచో అదే నీరు నేలలో దిగి, నాలుగేండ్లకో పదేండ్లకో మరల మన బోరునకే చేరవచ్చును. పశువుల తొట్టికి మళ్ళించుటయు తగదు. పశువులకును ఫ్లోరోసిస్ వచ్చును. కూరపాదులకు పెట్టినచో నేల చౌడుబారును. మరుగుదొడ్లు కడుగుటకు కొంత వాడవచ్చును, కాని అదియు గుంటలోనికే పోవును. సరియైన మార్గము, అడుగునకు ఇంకకుండ కట్టిన లోతులేని తొట్టిలో ఎండకు ఆరబెట్టి, మిగిలిన లవణమును పోగుచేసి, వాన తగులని చోట నుంచుట. దినమునకు సగటున 5 మిల్లీమీటర్లు ఆవిరియగు చోట 2,500 లీటర్లకు 500 చదరపు మీటర్ల తొట్టి, అనగా సుమారు 12 సెంట్ల నేల కావలెను. వానకాలమున ఆరునది తగ్గి, పైనుండి పడు వాన చేరును గనుక ఇంకను ఎక్కువ విడువవలెను. ఆర్.ఓ. అయినచో వ్యర్థజలము దీనికి ఎన్నో రెట్లుండును. ఇచ్చటనే బొగ్గు పలకల మేలు స్పష్టముగా తెలియును.

ఆ నేల ఊరికి ఏ దిక్కున నున్నది, బావులకు చెరువునకు ఎంత దూరము, తొట్టి కట్టు ఖర్చు ఎవరిది, ఎండిన లవణమును ఏడాదికొకసారి ఎత్తించు బాధ్యత ఎవరిది అనునవి యంత్రము కొనుటకు ముందే తేలవలెను. యంత్రమునకు ఆమోదము తెలుపు తీర్మానములోనే ఆ నేల సర్వే నంబరును వ్రాయించుట సభ్యులు చేయదగిన పని.